ఆట కవర్ అంటే పుట్టినరోజు ఫ్లెక్సీ కాదు

ఈ నెల వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి: సొంతంగా వీడియో గేమ్ చేసుకుంటున్నవాళ్లు స్టీమ్ లాంటి ఆన్‌లైన్ గేముల స్టోర్‌లో పెట్టుకోవాల్సిన కవర్ బొమ్మ. నెల్లూరు, ఒంగోలు వైపు ఇంతమంది ఇళ్లల్లో కూర్చుని గేములు చేస్తున్నారని నాకు నిజంగా తెలియదు. పెళ్లి కార్డులు, షాపు బోర్డుల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, మీవి వచ్చే నెలకు తోశాను. ముహూర్తం దగ్గరపడిందని రాసిన ఆమెకు మాత్రం విడిగా జవాబు పంపాను.

ప్రశ్న: అక్కా, నేనూ నా ఫ్రెండూ కలిసి రెండేళ్లుగా ఒక గేమ్ చేస్తున్నాం. మన ఒంగోలు గిత్తలతో బండలాగుడు పోటీ. దూడను కొనడం, మేపడం, అలవాటు చేయడం, తిరునాళ్లలో పోటీకి దించడం, అన్నీ ఉంటాయి. స్టీమ్‌లో పేజీ పెట్టి నాలుగు నెలలైంది. తర్వాత కొంటామని గుర్తుపెట్టుకునే విష్‌లిస్టులో మా చుట్టాలూ ఫ్రెండ్సూ తప్ప పెద్దగా ఎవరూ లేరు. ఆడి చూసినవాళ్లు బాగుందనే అంటున్నారు, అసలు పేజీ లోపలికే ఎవరూ రావట్లేదు. కవర్ జత చేశాను, మా ఫ్రెండే వేశాడు. తిట్టినా ఫర్వాలేదు, ఏం చేయాలో చెప్పండి. గేమ్ పేరు మాత్రం వేయొద్దు.
— ఒక పాఠకుడు, ఒంగోలు

తమ్ముడూ, తిట్టను గానీ ముందు ఒక ఫ్లెక్సీ సంగతి చెప్పనీ. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం దొరికేదాకా కదా అని నెల్లూరులో మా మేనమామ ఫ్లెక్సీ షాపులో డిజైన్ సీట్లో కూర్చున్నా, ఐదేళ్లు లేవలేదు. పుట్టినరోజు ఫ్లెక్సీ అంటే మధ్యలో నాయకుడు, ఆయన నెత్తిన వరసగా గుండ్రాల్లో ఆయన నాయకులు, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల పాస్‌పోర్ట్ ఫొటోలు ముప్పయ్యో నలభయ్యో. అంతా అయిపోయి ప్రింటుకు పెట్టబోతుంటే రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చేది, "మా బామ్మర్ది ఫొటో మర్చిపోయినారు, యాడో ఒకచోట ఇరికించమ్మా" అని. ఇరికించేదాన్ని. మర్నాడు సెంటర్లో కట్టాక దాని ముందు ఆగి చూసేది ఎవరయ్యా అంటే, అందులో ఫొటో ఉన్నవాళ్లూ వాళ్లింట్లోవాళ్లూ. మిగతా ఊరంతా దాని కింద నుంచే బండ్ల మీద పోతుంది, ఒక్కరూ తలెత్తరు. అది ఫ్లెక్సీ తప్పేం కాదు. అందులో ఉన్నవాళ్లను సంతోషపెట్టడమే దాని పని.

మీ కవర్ అచ్చం అట్టాగే ఉంది. కూర్చుని లెక్కపెట్టా. రెండు గిత్తలు, తోలే మనిషి, బండ, వెనక జనం, జనం వెనక గాలిగోపురం, దాని వెనక పొద్దుగుంకే ఆకాశం, ఎడమ మూల గడ్డివాము, కుడి మూల గెలిచినవాళ్లకిచ్చే కప్పు, కప్పు పక్కన '30 లెవెల్స్' అని పసుపు చుక్క, అడుగున 'త్వరలో'. ఇవన్నీ గేమ్‌లో ఉన్నాయని అర్థమైంది. ఆ గడ్డివాము మోడల్ చేయడానికి మీ ఫ్రెండ్‌కు వారాలు పట్టి ఉంటుంది, అందుకే తీసేయబుద్ధి కాలేదని కూడా అర్థమైంది. ఆ గడ్డివామే మీ బామ్మర్ది ఫొటో. మీరిద్దరూ ఆ బొమ్మలో మీ రెండేళ్ల కష్టాన్ని వెతుక్కుంటున్నారు, అది కనపడగానే కవర్ బాగుందనుకుంటున్నారు. కానీ దాన్ని చూడాల్సింది మీరు కాదు. మీ గేమ్ గురించి ఒక్క ముక్క తెలియని, అన్నం తింటూ ఒక చేత్తో మౌస్ తిప్పుతూ వరసగా కవర్లు దాటేసుకుంటూ పోతున్న ఎవరో మనిషి. అతను మీ బొమ్మ మీద ఒక్క క్షణం ఆగితే ఎక్కువ.

ఆ క్షణంలో అతనికి కనపడేది ఎంత అన్నదే అసలు చిక్కు. మీ ఫ్రెండ్ పెద్ద స్క్రీన్ మీద జూమ్ చేసుకుని వేశాడు, అక్కడ గిత్త కంటి రెప్పలు కూడా కనపడ్డాయి. స్టీమ్ అడిగే సైజులు వేరు. పేజీ నెత్తిన వచ్చే హెడర్ 920 బై 430 పిక్సెళ్లు, మొదటి పేజీలో పెద్దగా కనపడేది 1232 బై 706, నిలువుది 748 బై 896, సెర్చ్‌లోనూ లిస్టుల్లోనూ వచ్చే చిన్నది 462 బై 174. ఆ చిన్నదాన్నుంచి స్టీమ్ తనే ఇంకా బుల్లివి చేసుకుంటుంది, అన్నిటికన్నా బుల్లిది 120 బై 45. మామూలు మానిటర్ మీద అది అగ్గిపెట్టెలో పుల్ల గీసే పక్క ఉంటుంది చూడండి, అంత కూడా ఉండదు. మీ కవర్‌ను ఆ సైజుకు దించి చూశా. గిత్తలు రెండూ తెల్ల మరకలయ్యాయి, జనం ఇసుకయ్యారు, గోపురం ఒక పుల్ల. పేరు ఎక్కడుందో నాకు ముందే తెలుసు కాబట్టి దొరికింది, లేకపోతే దొరికేది కాదు.

ఒకే బొమ్మను అన్ని సైజులకూ సాగదీసి, కత్తిరించి పెట్టడం ఇంకో తప్పు. నిలువుదానిలో మీ రెండో గిత్తకు వెనక సగమే మిగిలింది. ఏ సైజుకు ఆ సైజు మళ్లీ సర్దుకోవాలి, అందుకే గిత్త ఒక లేయర్, అంటే ఒక పొర, పేరు ఒక లేయర్, వెనక రంగు ఒక లేయర్ విడివిడిగా ఉంచుకుని వేయాలి. అన్నిటికన్నా చిన్నదానిలో గిత్త కూడా వెనక్కు తగ్గి, పేరే దాదాపు నిండా ఉండాలి. ఇది నా సొంత పైత్యం కాదు, స్టీమ్ సూచనల్లోనే అలా ఉంది.

ఇప్పుడు ఏం వేయాలి అంటారు. మీ చేతిలో ఉన్నది మామూలు బొమ్మ కాదు తమ్ముడూ. తెల్లటి ఒళ్లు, కొండలాంటి మూపురం, మెడ కింద మడతలు మడతలుగా ఊగే గంగడోలు, పొట్టి కొమ్ములు. నల్లటి నీడగా గీసినా మూపురం చూసి ఇది ఫలానా అని చెప్పేస్తాం. వివరాలన్నీ తీసేసినా ఆకారం మిగిలే జంతువు దొరకడం బొమ్మలేసేవాళ్లకు అదృష్టం. దాన్ని మీరు పక్క నుంచి, నిలబెట్టి, రెండు పక్కపక్కన గీశారు. అది ఎరువుల కంపెనీ క్యాలెండర్ బొమ్మ.

బండలాగుడు చూడటానికి చిన్నప్పుడు మా తాత భుజం మీద ఎక్కి వెళ్లేదాన్ని. నాకిప్పటికీ గుర్తున్నది గెలిచిన గిత్త కాదు, కప్పు కాదు. బండ కదలబోయే ముందు క్షణం. గిత్త ముందుకు వంగిపోయి, ముందుకాళ్ల గిట్టలు నేలలో దిగబడి, కాడి మెడను నొక్కేస్తుంటే, మోకులు వీణతీగల్లా బిగుసుకుని, బండ మాత్రం ఇంకా కదలదు. ఈలలు ఆగిపోతాయి. తర్వాత ఒక్కసారిగా దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము లేవకముందు క్షణాన్ని గీయండి. ఎదురు నుంచి, కొంచెం కింద నుంచి, గిత్త తల మన మీదికే వస్తున్నట్టు. కట్టేది జత కదా, ఒక్కటే గీస్తే మన ఊళ్లో నవ్వరా అంటారేమో, రెండోదాని కొమ్మో చెవో అంచులో తెగి కనపడితే చాలు, జత ఉందని తెలిసిపోతుంది.

రంగుల సంగతి. మీ పొద్దుగుంకే ఆకాశం అంచులకు వచ్చేసరికి ముదురు నీలం అయింది, స్టీమ్ పేజీ కూడా ముదురు నీలమే, కాబట్టి మీ కవర్ ఎక్కడ అయిపోయి పేజీ ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. తెల్ల గిత్త వెనక ఎర్రమట్టి దుమ్ము ఒకే రంగుగా పరిచేయండి, అది నీలం మీద మండుతుంది. పేరు ఉబ్బినట్టు కనపడేలా పెట్టిన బంగారు బెవెల్, దాని చుట్టూ మెరిసే గ్లో, దాని కింద నీడలాంటి షాడో, మూడూ తీసేయండి. అవి పెళ్లి ఫ్లెక్సీలకు నేనే ఐదేళ్లు వేశాను, కాబట్టి చెప్పే హక్కు నాకుంది. చిన్న సైజులో ఆ మూడూ కలిసి పేరు చుట్టూ బూజులా తయారవుతాయి. లావు అక్షరం, ఒకే రంగు, వెనక ఏ గీతలూ లేని చోటు.

ఇంకోటి, ఇదే నాకు ఎక్కువ భయం వేసింది. మీ కవర్ చూసి నేను ముందు వ్యవసాయం గేమ్ అనుకున్నా. గడ్డివాము, సాయంత్రం వెలుగు, పశువులు, ప్రశాంతత. అలాంటి ఆటలు ఇష్టపడేవాళ్లు లోపలికి వచ్చి, అరుపులూ కేకలూ పోటీ చూసి వెనక్కు పోతారు. పోటీ కావాల్సినవాళ్లు పాడి గేమ్ అనుకుని అసలు నొక్కరు. కవర్ అందంగా ఉండటం తర్వాత సంగతి, ముందు అది ఏ రకం ఆటో నిజం చెప్పాలి.

'30 లెవెల్స్', 'త్వరలో' అనేవి ఎలాగూ తీసేయాల్సిందే. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ కవర్ల మీద గేమ్ పేరు, దాని ఉపశీర్షిక తప్ప వేరే రాత ఉండకూడదని రూల్ పెట్టింది. రివ్యూ మార్కులు, అవార్డుల పేర్లు, డిస్కౌంటు మాటలు ఏవీ పనికిరావు.

మధ్యలో ఒక మాట, మీ గిత్తను బయటివాళ్లు ఎవరూ గుర్తుపట్టరని దిగులు పడుతున్నట్టున్నారు. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువులు కోట్లలో ఉన్నాయి, వాళ్లు ఆ జాతిని పిలిచే పేరు నెలోరే, అంటే మన నెల్లూరే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, తర్వాత గుంటూరులో కలిసింది, మీకు వేరే జిల్లా వచ్చింది 1970లో. కాబట్టి ఆ మూపురాన్ని చూసి "ఇది మాదే" అనుకునే ఆటగాడు సముద్రాల అవతల కూడా ఉన్నాడు. పేజీని బ్రెజిల్ వాళ్ల భాష పోర్చుగీసులోకి మార్చించే ఆలోచన ఉంటే మొదట అదే చేయించండి.

కొత్తది గీశాక ఎవరినీ "బాగుందా" అని అడగొద్దు. మన ఊళ్లో ఎవరూ బాగాలేదనరు. స్టీమ్‌లో మీలాంటి గేములు వచ్చే లిస్టు ఒకటి తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఎవరిదో ఒక కవర్ మీద మీది అతికించి, మీ గేమ్ గురించి తెలియని మనిషికి వాట్సాప్‌లో పంపండి. ఐదు సెకన్లు చూసి ఫోన్ బోర్లా పెట్టమనండి. ఏమేం గుర్తున్నాయని అడగండి. గిత్త అన్నారంటే సగం అయింది. పేరు కూడా చెప్పారంటే చాలు. తర్వాత ఏం చేస్తారు ఆ ఆటలో అని అడగండి, "పొలం దున్నుతారేమో" అన్నారంటే మళ్లీ గీయాలి. రంగులు తీసేసి నలుపు తెలుపులో కూడా ఒకసారి చూసుకోండి, గిత్తా వెనక దుమ్మూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే రంగు ఎంత ఎర్రగా ఉన్నా లాభం లేదు.

ఇంత చెప్పాక ఒక అనుమానం. తప్పు నిజంగా కవర్‌దేనా? డెవలపర్ అకౌంట్లో ట్రాఫిక్ రిపోర్టు ఉంటుంది. మీ బొమ్మ ఎన్నిసార్లు కనపడింది, దాన్ని చూసి ఎంతమంది లోపలికి వచ్చారు అని రెండు అంకెలు ఉంటాయి. కనపడింది బోలెడుసార్లు, వచ్చినవాళ్లు గుప్పెడు అయితే కవర్ తప్పు. వచ్చారు గానీ విష్‌లిస్టు వేయకుండా పోయారంటే ట్రైలర్, స్క్రీన్‌షాట్ల దగ్గర చూసుకోవాలి. అసలు కనపడనే లేదంటే అది వేరే గొడవ, కవర్ మార్చినా తేలదు. గీయడానికి కూర్చునే ముందే ఆ రిపోర్టు చూడండి.

(పై జవాబు పత్రిక అచ్చుకు పోకముందే ఈ తమ్ముడికి పంపాను. పది రోజులకు ఇలా రాశాడు.)

ప్రశ్న: అక్కా, మీరు చెప్పినట్టే ఎదురు నుంచి ఒక్క గిత్తనే పెట్టాం. ఇంట్లో అందరూ బోడిగా ఉందంటున్నారు. మా ఫ్రెండ్ గడ్డివాము గురించి ఇంకా అలిగే ఉన్నాడు.

ఇంట్లోవాళ్లు బోడిగా ఉందన్నారంటే దారిలో పడ్డట్టే. కొత్తది చూశాను, పాతదానికీ దీనికీ పోలికే లేదు. ఒక్క దిద్దుబాటు, పేరులో చివరి అక్షరం గిత్త కొమ్ము మీదికి ఎక్కింది, అది కొమ్ములో భాగమైపోయి ఇంకో అక్షరంలా చదువుకుంటున్నాం. కిందికి దించండి. మీ ఫ్రెండ్‌ను ఊరుకోబెట్టే దారి కూడా ఉంది: గేమ్ కొన్నవాళ్ల లైబ్రరీలో నెత్తిన వెడల్పుగా వచ్చే హీరో బొమ్మ 3840 బై 1240 ఉంటుంది, దాని మీద రాతలు ఉండకూడదు, పేరు లోగోను స్టీమ్ విడిగా తెచ్చి పెడుతుంది. గోపురం, జనం, గడ్డివాము అన్నీ అక్కడ పరుచుకోమనండి. అది చూసేది గేమ్ కొన్న మనిషి, అతనికి గడ్డివాము ఎవరిదో తెలుసు. ముఖ్యమైనవి మాత్రం మధ్యలో ఉంచమనండి, విండో సైజును బట్టి అంచులు తెగుతాయి.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ మూడో సంవత్సరం. పులికాట్ సరస్సులో పడవ నడిపే చిన్న గేమ్ చేస్తున్నా. ముందు ఇచ్ డాట్ ఐఓ అనే గేముల సైటులో, తర్వాత స్టీమ్‌లో పెడతా. పేరు ఇంకా ఖాయం కాలేదు. పేరు తెలుగు అక్షరాల్లోనే ఉండాలని నా పట్టుదల. కానీ ఫొటోషాప్‌లో తెలుగు కొడితే వత్తులు విడిపోయి పక్కకు వస్తున్నాయి. చిన్న సైజులో అసలు చదవలేకపోతున్నాం. ఇంగ్లీషులో పెట్టేయమంటారా?
— ఒక విద్యార్థిని, నెల్లూరు

చెల్లీ, ముందు వత్తుల సంగతి. పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సుల్లో టైప్ అనే చోట వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఒకటి ఉంటుంది, అది పెట్టుకుని కొత్త ఫైల్ తెరువు, వత్తులు వాటి చోటికి వస్తాయి. ఫ్లెక్సీ షాపులో మేం అను ఫాంట్లు వాడేవాళ్లం, అవి ఇప్పుడు అన్ని చోట్లా నడిచే యూనికోడ్ పద్ధతివి కాదు కాబట్టి ఈ గొడవ ఉండేది కాదు, వేరే గొడవలు ఉండేవి. నీకు అవి వద్దు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా చాలా ఉన్నాయి, రామభద్ర లాంటి లావు అక్షరం తీసుకో. తీసుకుని అలాగే వాడకు, అవుట్‌లైన్‌గా, అంటే ఒట్టి గీతల ఆకారంగా మార్చి చేత్తో సవరించు.

చదవలేకపోవడానికి కారణం నీ చేతకానితనం కాదు, మన లిపి కట్టడం. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే వరసలో ఇటుకల్లా కూర్చుంటాయి. మనది మూడంతస్తుల మేడ. పైన తలకట్టు, గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు. 'స్త్రీ' రాసి చూడు, అక్షరానికి దక్కేది మధ్య అంతస్తే. స్టీమ్ చిన్న కవర్ 174 పిక్సెళ్ల ఎత్తులో మూడు అంతస్తులు కట్టాలంటే ఏదీ లావుగా రాదు. ఇంకా పేరు ఖాయం కాలేదన్నావు కాబట్టి నా సలహా, వత్తు లేని పేరు వెతుక్కో. 'పడవ' చూడు, ఎంత హాయిగా కూర్చుంటుందో, మూడూ గుండ్రాలే, కిందికి ఏమీ వేలాడదు. పేరుకు వత్తు తప్పదంటే దాన్ని కింద వేలాడనీయకుండా అక్షరం పొట్టలోకి కొంచెం తోసి గీయొచ్చు, పాత సినిమా పోస్టర్ల మీద చేత్తో రాసినవాళ్లు అదే చేసేవాళ్లు.

ఇంగ్లీషా తెలుగా అంటే, సెర్చ్‌లో నిన్ను వెతికే మనిషి ఏ అక్షరాలు కొడతాడో అవి కవర్ మీద ఉండాలి. స్టీమ్ భాషల వారీగా వేరే కవర్లు పెట్టుకోనిస్తుంది గానీ, మనవాళ్లు కూడా స్టీమ్‌ను ఇంగ్లీషులోనే వాడతారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకు. నేనైతే స్టీమ్‌లో ఇంగ్లీషు పేరు పెట్టి, దాని అక్షరాలకు మన రాతలోని గుండ్రదనం తెప్పిస్తా. కానీ ముందు ఇచ్ డాట్ ఐఓలో పెడతానన్నావు కదా, అక్కడ కవర్ 630 బై 500, చోటు ఎక్కువ, చూసేవాళ్లు కొత్తదనం కోసం వచ్చేవాళ్లు. అక్కడ నీ పట్టుదల నెగ్గించుకో. తెలుగులోనే పెట్టు.

ప్రశ్న: మొబైల్ గేమ్ ఐకాన్‌కు కూడా ఇవే రూల్సా అక్కా?
— ఒక పాఠకుడు, కావలి

ఇంకా కఠినం. ప్లే స్టోర్ ఐకాన్ 512 బై 512 ఇవ్వాలి, మూలలు గుండ్రంగా వాళ్లే కోస్తారు, మనం ముందే కోసి ఇవ్వకూడదు, మూలల్లో ముఖ్యమైనవి పెట్టకూడదు. ఇది నేను కష్టపడి నేర్చుకున్నా. నా మొదటి ఐకాన్ పెన్నలో పడవ, తెరచాప కొన పై మూలలో. కోసేశాక అమ్మకు ఫోన్లో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని "వంకాయ బాగుంది" అంది. ఐకాన్ మీద పేరు రాయకండి, కిందే ఎలాగూ వస్తుంది. ఒక్క ముఖం, ఒక్క వస్తువు. 1024 బై 500 ఫీచర్ గ్రాఫిక్ అనే వెడల్పు బొమ్మ విడిగా ఇవ్వాలి, మీ కవర్ తెలివితేటలు అక్కడ చూపించుకోండి.

ప్రశ్న: మా క్వారీ గేమ్ కవర్ ఏఐతో చేయించేస్తే ఏమవుతుంది? ఒకటి వేయించి పంపాను. డబ్బులు లేవు.
— ఒక పాఠకుడు, చీమకుర్తి

డబ్బుల్లేని సంగతి అర్థమైంది. స్టీమ్ 2024 జనవరి నుంచి ఏఐ వాడకం గురించి ఫారంలో అడుగుతోంది, మీరు చెప్పింది పేజీలో ఆటగాళ్లకు కనపడేలా పెడుతుంది. దాచకండి, ఆటగాళ్లు ఏఐ బొమ్మలను పట్టేస్తున్నారు, పట్టుకున్నాక రివ్యూల్లో వదలరు. నన్నడిగితే ఆ భయం కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. మీ క్వారీ గేమ్‌కు వేయించి పంపిన ఏఐ కవర్లో గుట్ట, క్రేను, ఎర్రటి ఆకాశం ఉన్నాయి, చీమకుర్తి లేదు. నల్ల రాయి లోపల రాగి రంగు చుక్కలు నక్షత్రాల్లా మెరిసే గెలాక్సీ గ్రానైట్‌ను ప్రపంచం అంతా మీ ఊరి నుంచి కొంటుంటే, మీ కవర్ మీద బూడిద రంగు గుట్ట ఏంటండీ. సానబట్టిన పలకను ఎండలో పెట్టి ఫోన్‌తో దగ్గర నుంచి ఫొటో తీయండి, ఆ నలుపు మీద పేరు తెల్లగా వేయండి. పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు గేమ్ చేస్తున్నాను, వయసు 44. నాకు గీయడం రాదు. హైదరాబాదులో ఒక ఆర్టిస్టుతో మాట్లాడాను. డబ్బు ఇచ్చి కవర్ తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, కనిగిరి

అన్నగారూ, ముందు మీరు ఆయనకు ఏం ఇస్తున్నారో చూసుకోండి. గేమ్ ఆడించండి, కనీసం వీడియో పంపండి, మీలాంటి గేముల కవర్లు నాలుగు పంపి వీటి మధ్యలో నిలబడాలి అని చెప్పండి. మొదట రంగులేసిన బొమ్మ అడగొద్దు, అగ్గిపెట్టెలంత పెన్సిల్ గీతలు ఏడెనిమిది అడగండి. అక్కడ మార్చుకోవడం తేలిక, మొత్తం వేశాక "గిట్ట కొంచెం అటు జరపండి" అంటే ఆయనకూ మండుతుంది, మీకూ డబ్బు పెరుగుతుంది. ఎన్నిసార్లు దిద్దాలో ముందే మాట్లాడుకోండి.

చేతికి రావాల్సినవి: లేయర్లు విడిగా ఉన్న అసలు ఫైల్, వెనక ఏమీ లేకుండా పేరు ఒక్కటే ఉన్న లోగో, పైన చెప్పిన సైజులన్నీ. ఒట్టి జేపీజీ తీసుకుని డబ్బు ఇచ్చేస్తే తర్వాత నిలువు సైజుకు మళ్లీ ఆయన కాళ్లే పట్టుకోవాలి.

హక్కుల కాగితం తప్పకుండా రాయించుకోండి. ఫోన్లో మాట, వాట్సాప్‌లో బొటనవేలు చాలవు. కాపీరైటు బదిలీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలని 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అందులోనే మనవాళ్లు గమనించని మెలిక ఉంది. ఆ కాగితంలో ఎంతకాలం అని రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, ఏ ప్రాంతం అని రాయకపోతే ఇండియా వరకే. మీరు గేమ్ అమ్మేది ప్రపంచమంతా, కాబట్టి ఆ రెండు మాటలూ స్పష్టంగా రాయించండి. పోస్టర్లు, టీషర్టుల మీద వేసుకునే ఆలోచన ఉంటే అదీ రాయండి. ఆర్టిస్టు తన పనుల్లో ఈ బొమ్మ చూపించుకుంటానంటే కాదనొద్దు, గేమ్ క్రెడిట్స్‌లో ఆయన పేరు వేయండి.

ప్రశ్న: రిలీజ్ అయ్యాక కవర్ మార్చొచ్చా? ఎన్నిసార్లు?
— ఒక పాఠకురాలు, సింగరాయకొండ

మార్చొచ్చమ్మా, ఎన్నిసార్లయినా. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు దాని పేరుతో తాత్కాలికంగా ఇంకో కవర్ పెట్టుకోవడానికి స్టీమ్‌లో విడిగా వీలుంది, గరిష్ఠంగా నెల రోజులు. స్టీమ్‌లో రాబోయే గేముల డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్ ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో వస్తుంది, దానికి వెళ్లేటట్టయితే కనీసం నెల ముందే మార్చండి, పండగ రోజున మార్చి టెన్షన్ పడొద్దు. ట్రైలర్, కవర్, ధర అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల జనం పెరిగారో తెలియదు, కాబట్టి ఒక్కోటి మారుస్తూ, మార్చిన తేదీ క్యాలెండర్లో పాలవాడి లెక్క పక్కనే రాసి పెట్టుకోండి.